మేక ముట్టని ఆకు – మనం మెచ్చే పండు

దసరా దగ్గర పడిందంటే చాలు, మన ఊళ్ళ సంతల్లో, బస్టాండుల దగ్గర, రోడ్ల పక్కన సీతాఫలాల గంపలు ప్రత్యక్షమవుతాయి. కొండల పక్క పల్లెల్లో ఉండేవాళ్ళయితే కొనుక్కోనక్కరలేదు. కళ్ళు విచ్చిన కాయలను చూసి కోసుకొచ్చి, గడ్డిలోనో బియ్యంలోనో మాగబెట్టి, రోజూ నొక్కి చూసుకుంటూ ఉంటారు. మీలో చాలామంది ఈ పని చేసే ఉంటారు. ఇంత తెలిసిన పండు గురించి కొత్తగా చెప్పేదేముంది అంటారా?

అయితే ఒక ప్రశ్న. మేక ఏ ఆకునైనా కొరికి చూస్తుంది కదా! తుమ్మ ముళ్ళ మధ్య నుంచి కూడా ఆకులు దూసుకు తింటుంది. అటువంటి మేక సీతాఫలం చెట్టు పక్కనుంచి వెళుతూ ఆ ఆకును మాత్రం ముట్టదు. మేకలు కాసేవారిని అడగండి, వాళ్ళే చెబుతారు. బీడు కొండల మీద, రాళ్ళ సందుల్లో, ఎవరూ కంచె వేయకపోయినా సీతాఫలం చెట్లు గుంపులు గుంపులుగా పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మేక వద్దన్న చెట్టుకే మనం లొట్టలు వేసే పండు కాస్తోంది. అదే పండు గింజలను నూరి పేలను చంపడానికి వాడారు మన పెద్దలు. ఒకే చెట్టులో ఇంత తీపి, ఇంత విషం ఎలా ఇమిడాయి? ఈ సంగతి తెలుసుకోవడం సరదా కోసం మాత్రమే కాదు. తెలియకపోతే కళ్ళకే ముప్పు రావచ్చు. అదెలాగో చూద్దాం.

సముద్రం దాటి వచ్చిన చుట్టం

సీతాఫలం శాస్త్రీయ నామం ‘అనోనా స్క్వామోజా’. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753 లో ఈ పేరు పెట్టాడు. లాటిన్ భాషలో ‘స్క్వామోజా’ అంటే పొలుసులు గలది అని అర్థం. పండు పై భాగం చూస్తే ఆ పేరు ఎంత తగినదో మీకే తెలుస్తుంది.

పేరులో సీతమ్మ ఉన్నా, ఈ చెట్టు పుట్టినిల్లు మన దేశం కాదు. అమెరికా ఖండంలోని ఉష్ణమండల ప్రాంతాలూ, వెస్టిండీస్ దీవులూ దీని స్వస్థలం. 16వ శతాబ్దంలో పోర్చుగీసు నావికుల ద్వారా ఇది మన దేశానికి చేరిందని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 19వ శతాబ్దంలో పురాతత్త్వవేత్త అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ భర్హుత్ స్తూపం మీది శిల్పాలలో సీతాఫలాన్ని పోలిన పండు ఉందని, కాబట్టి ఇది ఇక్కడ ప్రాచీన కాలం నుంచే ఉందని వాదించాడు. కాని రాతి మీద చెక్కిన పండును చూసి ఇది ఫలానాదేనని చెప్పడం కష్టం. దీని దగ్గరి బంధువులలో అత్యధిక భాగం నేటికీ అమెరికా అడవుల్లోనే సహజంగా పెరుగుతున్నాయి. ఏ మొక్క పుట్టినిల్లు ఎక్కడో వెతకాలంటే దాని బంధువులు ఎక్కువగా ఎక్కడున్నారో చూడాలన్నది వృక్షశాస్త్రజ్ఞుల పద్ధతి.

వచ్చిన చుట్టం మన నేలకు బాగా అలవాటు పడింది. దక్కను పీఠభూమిలోని రాతి నేలలు, ఎండలు, తక్కువ వర్షాలు దానికి సరిపోయాయి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేరు మీద ఒక సీతాఫలం రకమే దేశమంతటా ప్రసిద్ధమైంది. మనవాళ్ళు దీనికి సీత పేరు పెట్టి, దీని సోదర జాతులకు రామాఫలం, లక్ష్మణఫలం అని పేర్లు పెట్టి కుటుంబంలో కలిపేసుకున్నారు!

వృక్షశాస్త్రం ప్రకారం దీని కుటుంబం ‘అనోనేసి’. మీ బడి ఆవరణలో పొడుగ్గా, నిటారుగా పెరిగే నరమామిడి చెట్టు ఉందా? చాలామంది దాన్నే అశోక చెట్టు అనేస్తుంటారు. అదీ, మత్తెక్కించే వాసన గల మనోరంజితమూ సీతాఫలానికి దాయాదులే.

ఆకు చాటున మొగ్గ

సీతాఫలం చిన్న చెట్టు. మూడు నుంచి ఆరు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఆకులు కోలగా ఉండి, కొమ్మకు అటొకటి ఇటొకటిగా వస్తాయి. ఒక ఆకును నలిపి వాసన చూడండి. ఘాటుగా, ఒక రకమైన వెగటుతో ఉంటుంది. మేక ముఖం తిప్పుకోవడానికి మొదటి కారణం ఈ వాసనే.

సాధారణంగా చెట్లలో ఆకు కాడకూ కొమ్మకూ మధ్య ఉండే మూలలో మొగ్గ పైకి కనిపిస్తుంది. సీతాఫలంలో అక్కడ వెతికితే మొగ్గ కనపడదు. ఆకును మెల్లగా పీకి చూడండి. కాడ అడుగు భాగం టోపీలాగా ఉండి, దాని కిందే మొగ్గ దాగి ఉంటుంది. ఆకు రాలితేగాని ఆ మొగ్గకు బయటకు వచ్చే దారి దొరకదు. అందుకే చలికాలం చివర ఈ చెట్టు ఆకులు రాల్చి బోసిగా నిలబడుతుంది. ఆ తరువాత కొత్త చిగుళ్ళతోపాటు పూలు వస్తాయి.

ముందు ఆడ, తరువాత మగ

సీతాఫలం పువ్వు గులాబీలా కళ్ళకు కొట్టొచ్చినట్లు కనబడదు. ఆకుపచ్చ పసుపు కలిసిన రంగులో, కిందికి వేలాడుతూ ఉంటుంది. మూడు మందమైన ఆకర్షణ పత్రాలుంటాయి. వాటిని విడదీసి చూస్తే మధ్యలో చిన్న దిమ్మెలాంటిది కనపడుతుంది. దాని పై భాగం నిండా ఫలదళాలు, వాటి చుట్టూ అడుగున లెక్కలేనన్ని కేసరాలు. ఫలదళాలు ఆడ భాగాలు, పుప్పొడినిచ్చే కేసరాలు మగ భాగాలు.

రెండూ ఒకే పువ్వులో ఉన్నాయి కదా, ఇక పరాగసంపర్కానికి కష్టమేముంది అనుకుంటాం. ఇక్కడే ఒక చిక్కుంది. పువ్వు విచ్చేటప్పుడు ముందుగా ఆడ భాగాలు సిద్ధమవుతాయి. పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు తడిగా, జిగురుగా ఉంటాయి. ఆ సమయంలో అదే పువ్వులోని కేసరాలు ఇంకా పక్వం కావు. అవి విచ్చుకుని పుప్పొడి రాల్చేనాటికి కీలాగ్రాలు ఎండిపోతాయి. అంటే ఈ పువ్వు ముందు ఆడపువ్వుగా, తరువాత మగపువ్వుగా పనిచేస్తుందన్నమాట. కాబట్టి ఒక పువ్వు పుప్పొడి వేరొక పువ్వుకు చేరాలి.

ఆ రవాణా పని చేసేవి తేనెటీగలు కావు, సీతాకోకచిలుకలు అసలే కావు. ఆవగింజల్లాంటి చిన్న పెంకు పురుగులు. పువ్వు నుంచి వచ్చే పండు వాసనకు ఆకర్షింపబడి అవి పత్రాల మధ్య సందుల్లో దూరుతాయి. బయటకు వచ్చేటప్పుడు పుప్పొడి పూసుకుని వస్తాయి. ఎండలు ముదిరి వడగాలులు వీచే రోజుల్లో కీలాగ్రాలు త్వరగా ఎండిపోతాయి. అందువల్ల ఎన్ని పూలు పూసినా కాయలు నిలవవు. తొలకరి పడి గాలిలో తేమ పెరిగాక పిందెలు ఎక్కువగా కడతాయి. తోటలు పెంచే రైతులు కొందరు పురుగుల కోసం ఎదురుచూడక, మెత్తని కుంచెతో తామే పుప్పొడి అద్దుతారు.

ఒక పండా, పండ్ల మూటా?

ఇప్పుడు ఒక సీతాఫలాన్ని చేతిలోకి తీసుకోండి. మీరు ఒక పండు అనుకుంటున్నది నిజానికి అనేక చిన్న పండ్ల మూట! పువ్వులోని ఒక్కొక్క ఫలదళం ఒక్కొక్క చిన్న పండుగా మారుతుంది. అవన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే పండులా కనిపిస్తాయి. పైన కనిపించే ఒక్కొక్క ‘కన్ను’ ఒక్కొక్క ఫలదళం గుర్తు. తినేటప్పుడు విడివిడిగా ఊడివచ్చే తొనలే ఆ చిన్న పండ్లు. ఇటువంటి దానిని ‘సంకలిత ఫలం’ అంటారు.

కొన్ని కాయలు ఒక పక్క ఉబ్బి, మరొక పక్క నొక్కుకుపోయి వంకరగా ఉంటాయి. వాటిని చూసి పురుగు పట్టిందని పారేయకండి. నొక్కుకుపోయిన వైపు ఫలదళాలకు పుప్పొడి సరిగా అందలేదన్నమాట. చిన్న పెంకు పురుగు ఎటువైపు పనిచేసిందో, ఎటువైపు మరచిపోయిందో పండు ఆకారాన్ని బట్టి చెప్పవచ్చు!

నూరు గ్రాముల గుజ్జులో సుమారు 100 కాలరీల శక్తి ఉంటుంది. ఇందులో చాలా భాగం చక్కెరల నుంచే వస్తుంది. సి విటమిను, పీచు పదార్థం కూడా తగినంత ఉంటాయి. ఆటలాడి వచ్చిన పిల్లలకు మంచి పండు. చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదులోనే తినాలి.

చెట్టు లెక్క

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. గుజ్జు తీపి, గింజ విషం ఎందుకు?

చెట్టు వైపు నుంచి ఆలోచించండి. చెట్టు కదలలేదు. తన గింజలు దూరంగా చేరాలంటే ఎవరో ఒకరు మోసుకుపోవాలి. పక్షులు, కోతులు, గబ్బిలాలు, మనుషులు ఊరికే మోస్తారా? అందుకని గుజ్జును కూలిగా ఇస్తుంది. కాని ఆ మోసేవాళ్ళు గింజను కూడా నమిలి తినేస్తే చెట్టు వంశమే ఆగిపోతుంది. కాబట్టి గింజకు నున్నని, గట్టి నల్లటి పెంకు తొడిగింది. ఆ పెంకును పగలగొట్టినవారికి లోపల విషం ఉంచింది. ఆకులూ చెట్టుకు అవసరమే. అవి పోతే ఆహారం తయారుకాదు. అందుకే ఆకుల్లోనూ కొంత పెట్టింది. చెట్టు కూర్చుని ఆలోచించి ఇదంతా చేసిందని కాదు సుమా! లక్షల సంవత్సరాల పరిణామంలో ఇటువంటి రక్షణ ఉన్న మొక్కలే ఎక్కువగా మిగిలాయి.

ఆ విష పదార్థాలలో ముఖ్యమైనవి ‘అసిటోజెనిన్లు’. ఈ కుటుంబపు మొక్కలలో వీటిని మొదటిసారిగా 1982 లో గుర్తించారు. సీతాఫలం గింజల్లో దొరికే ఒకదానికి ఈ జాతి పేరు మీదనే ‘స్క్వామోసిన్’ అని పేరు పెట్టారు. ఇవి ఎలా పనిచేస్తాయో చూడండి. జీవకణంలో మైటోకాండ్రియా అనే భాగాలుంటాయని మీరు చదువుకున్నారు. కణానికి కావలసిన శక్తి అక్కడే తయారవుతుంది. అసిటోజెనిన్లు ఆ తయారీలోని మొదటి మెట్టునే అడ్డగిస్తాయి. కట్టెలు నిండుగా ఉన్నా పొయ్యిలోకి గాలి వెళ్ళే దారి మూసేస్తే మంట ఆరిపోయినట్లుగా, ఆహారం ఉన్నా శక్తి తయారుకాక కణం చస్తుంది.

పేను కణంలోనూ మైటోకాండ్రియా ఉంది. మన కణంలోనూ ఉంది! అసలు సంగతి ఇక్కడే ఉంది. గుర్తుంచుకోండి.

పొరపాటున ఒక గింజ మింగితే భయపడనక్కరలేదు. గట్టి పెంకు అరగదు కాబట్టి గింజ అలాగే బయటకు పోతుంది. నలగగొట్టిన గింజతోనే ప్రమాదం.

పెద్దలు వాడిన మందులు

మన పల్లెల్లో సీతాఫలం చెట్టులోని ప్రతి భాగాన్నీ ఏదో ఒక వైద్యానికి వాడారు. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

సెగగడ్డల మీద ఆకు నూరి కట్టేవారు. పశువుల పుండ్లలో పురుగులు పడితే ఆకు పసరు పోసేవారు. ఆకులో పురుగులను చంపే గుణం ఉన్న మాట నిజమే కాబట్టి దీనిలో అర్థం ఉంది. కాని నేల మీది మట్టి, పేడ అంటిన ఆకును మనిషి పచ్చి గాయం మీద కడితే ధనుర్వాతం వంటి కొత్త జబ్బులు రావచ్చు. గాయాన్ని సబ్బునీటితో కడిగి ఆసుపత్రికి వెళ్ళడం మేలు.

మూర్ఛపోయినవారికి ఆకు నలిపి వాసన చూపించేవారు. ఘాటైన వాసన తగిలితే సొమ్మసిల్లినవారు ఉలిక్కిపడి లేవవచ్చు. అయితే అది లేపడమే గాని, పడిపోవడానికి కారణమైన జబ్బుకు మందు కాదు.

విరేచనాలకు ఎండిన పచ్చికాయ పొడిని, బెరడు కషాయాన్ని ఇచ్చేవారు. వీటిలో టానిన్లు అనే వగరు పదార్థాలున్నాయి. వక్క నమిలితే నోరు పట్టేసినట్లవుతుందే, అది టానిన్ల పనే. పేగుల మీద కూడా ఇవి కొంత అలాగే పనిచేస్తాయి. కాని విరేచనాలలో ప్రాణం తీసేది శరీరంలోని నీరు, లవణాలు పోవడం. దానికి సరైన మందు ఓ.ఆర్.ఎస్. అది దొరకనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తల కొట్టిన కొలతతో కలిపి తాగించాలి. చెంచా అంటే ఇక్కడ చిన్న టీ చెంచా. ఇక సీతాఫలం వేరు దీనికి పూర్తిగా విరుద్ధం. అది తీవ్రమైన విరేచనకారి. ఒకే చెట్టులో ఒక భాగం విరేచనాలు కట్టేది, మరొకటి కలిగించేది! భాగం మారితే ఫలితం ఎంత మారుతుందో చూశారా?

చక్కెర వ్యాధికి ఆకు కషాయం తాగేవారూ ఉన్నారు. ప్రయోగశాలలో ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఆకు సారం రక్తంలోని చక్కెరను తగ్గించినట్లు కనిపించింది. అయితే ఎలుకలో కనిపించినది మనిషిలోనూ జరుగుతుందని చెప్పడానికి తగినన్ని పరీక్షలు జరగలేదు. మాత్రలో ఇన్సులినో మానేసి కషాయాన్ని నమ్ముకుంటే ప్రమాదం.

అంటే పెద్దలు చెప్పినవన్నీ తప్పా? కాదు. మలేరియాకు సింకోనా బెరడు వాడే అలవాటును శాస్త్రజ్ఞులు శ్రద్ధగా పరిశీలించారు. 1820 లో ఫ్రాన్సులో పెల్లెటియే, కావెంటూ అనే ఇద్దరు ఆ బెరడు నుంచి క్వినైనును విడదీశారు. దానితో ఎంత మోతాదు ఇవ్వాలో కొలవడం సాధ్యమైంది. ఇంటివైద్యం మనకు ఇచ్చేది ఒక ప్రశ్న. ఏ పదార్థం, ఎంత మోతాదు, ఎవరికి, ఏ హాని అని వెతికి జవాబు చెప్పేది విజ్ఞానశాస్త్రం.

పేల మందు – కళ్ళకు ముప్పు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయం. సీతాఫలం గింజలు ఎండబెట్టి, దంచి, నూనెలోనో నీళ్ళలోనో కలిపి తలకు పట్టించడం మన పల్లెల్లో చాలాకాలంగా ఉన్న పేల మందు. పేలు చస్తాయి, అందులో అబద్ధం లేదు. కాని తల రుద్దుకునేటప్పుడు, నీళ్ళు పోసుకునేటప్పుడు ఆ ముద్ద జారి కంట్లో పడితే?

చర్మం పైన మృతకణాల పొర ఒక కవచంలా ఉంటుంది. కంటికి అటువంటి కవచం లేదు. నల్లగుడ్డు ముందు అద్దంలాంటి పారదర్శకమైన పొర ఉంటుంది. దానిని కార్నియా అంటారు. దాని పై భాగంలో ఉండేవి సజీవ కణాలు. గింజల పొడి తగిలితే ఆ కణాలు దెబ్బతిని పొర ఊడిపోతుంది. కన్ను ఎర్రబడి, భరించలేని మంట పుట్టి, నీరు కారి, వెలుతురు చూడలేని స్థితి వస్తుంది. ఇలా కళ్ళు దెబ్బతిని వచ్చిన రోగుల గురించి మన దేశంలోనూ, థాయ్‌లాండ్‌లోనూ కంటి వైద్యులు వైద్య పత్రికలలో రాశారు. వెంటనే చికిత్స జరిగితే చాలామందికి నయమవుతుంది. ఆలస్యమై ఆ పుండులో సూక్ష్మజీవులు చేరితే తెల్లని మచ్చ మిగిలి చూపు తగ్గవచ్చు.

కాబట్టి ఈ నాలుగు మాటలు ఇంట్లో చెప్పండి. గింజల పొడిని తలకు పట్టించవద్దు. ఎప్పుడైనా కంట్లో పడితే నలపవద్దు. వెంటనే రెప్పలు విప్పి పట్టుకుని, శుభ్రమైన నీటిని ధారగా కనీసం పావుగంట సేపు పోసి కడగాలి. నూనె, చనుబాలు, ఆకు పసర్లు పోయకుండా కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి.

మరి పేల మాటేమిటి? తడి జుట్టును సన్నపళ్ళ పేల దువ్వెనతో పాయలు పాయలుగా దువ్వి పేలను, ఈర్లను తీయవచ్చు. రెండు వారాలపాటు మూడు నాలుగు రోజులకొకసారి ఇలా చేస్తే మంచిది. ఇంట్లో అందరి తలలూ ఒకేసారి చూడాలి. కావాలంటే ఆరోగ్య కేంద్రంలో అడిగి తగిన మందు వాడవచ్చు.

సోదర జాతి హెచ్చరిక

లక్ష్మణఫలం కాన్సరును నయం చేస్తుందని ఈ మధ్య ప్రచారం సాగుతోంది. గాజు పాత్రలో పెంచిన కాన్సరు కణాలను అసిటోజెనిన్లు చంపుతాయన్నది నిజమే. అవి ఏ కణం మైటోకాండ్రియానైనా అడ్డగిస్తాయని మనం తెలుసుకున్నాం కదా! పాత్రలో కాన్సరు కణాలే ఉంటాయి. శరీరంలో మెదడు, గుండె, మూత్రపిండాలు కూడా ఉన్నాయి. మనుషులలో ఇది కాన్సరును నయం చేస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు.

పైగా కరీబియన్ సముద్రంలోని గ్వాడెలోప్ దీవిలో పార్కిన్‌సన్స్ వ్యాధిని పోలిన ఒక నరాల జబ్బు ఎక్కువగా కనిపించింది. ఆ రోగులలో చాలామంది లక్ష్మణఫలం పండ్లు, దాని ఆకుల కషాయం విరివిగా వాడినవారని 1999 లో వైద్యులు ప్రకటించారు. కారణం ఇదేనని తేల్చిచెప్పలేదు గాని అనుమానం గట్టిగానే ఉంది. రోజూ కషాయాలు తాగేవారు ఆలోచించవలసిన విషయమిది. ఆసుపత్రి వైద్యం మానేసి ఆకును నమ్ముకోవడం అంతకంటె ప్రమాదం.

విషానికీ ఒక పని

తలకు పనికిరాని ఈ విషం పొలంలో పనికివస్తుంది. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు తయారుచేసే దశపర్ణి కషాయంలో వేప, కానుగ వంటి ఆకులతోపాటు సీతాఫలం ఆకు కూడా వేస్తారు. మేకను తరిమిన గుణమే పంట మీది పురుగులనూ తరుముతుంది. అయితే అక్కడ కూడా పిచికారీ చేసేటప్పుడు కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆకులతో చేసినదైనా విషం విషమే.

మీరు చేసి చూడండి

ఈసారి సీతాఫలం తినేటప్పుడు ముందు పండు మీది కళ్ళు లెక్కపెట్టండి. తిన్నాక గింజలు లెక్కపెట్టండి. రెండు సంఖ్యలూ సమానమా? కాకపోతే ఏ తొనల్లో గింజ లేదు? వంకర పండులో నొక్కుకుపోయిన వైపు తొనలు, గింజలు ఎలా ఉన్నాయి? నాలుగైదు పండ్లకు ఇలా చేసి నోటుపుస్తకంలో పట్టిక వేయండి. వచ్చే వేసవిలో పువ్వులు కనిపించినప్పుడు ఒకదాన్ని విప్పి లోపల పెంకు పురుగులున్నాయేమో భూతద్దంతో చూడండి.

లెక్కపెట్టిన గింజలను మాత్రం దంచకండి, నమలకండి. ఇంట్లో చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. ఏ రాతిగట్టు పక్కనో, బీడు నేలలోనో నాటండి. కంచె అక్కరలేదు. మేకలు దాని జోలికి రావని మీకు తెలుసు కదా!